జీన్స్ వేసుకుని కూర్చున్నది మీరొక్కరే

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 29 ఏళ్ళు. మాది గోదావరిఖని. నాన్న సింగరేణి బొగ్గు గనుల్లో బాయి పని చేసి రిటైరయ్యారు. నేను రెండేళ్ళుగా జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఉండగా నడుము దగ్గర ఒక చిన్న తెల్లమచ్చ కనిపించింది. ఇప్పుడు ఛాతీ, వీపు, మోచేతులు, తొడలు అన్నిచోట్లా ఉన్నాయి. బొల్లి. ముఖం మీదికి రాలేదు కాబట్టి ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటే ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ళుగా అలాగే నెట్టుకొస్తున్నాను. హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి స్నానం చేసేవాణ్ణి. ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్ళినప్పుడు మగవాళ్ళు చొక్కా విప్పి పంచె, కండువాతో లోపలికి వెళ్ళాలన్నారు. నేను కడుపునొప్పని చెప్పి బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను. చేపల కూర వండిన రోజు మా అమ్మ ఇప్పటికీ ఇంట్లో పెరుగు కనపడనివ్వదు. విషయం చెప్పాక రెండు సంబంధాలు వెనక్కి పోయాయి.

మా ఆఫీసు వాళ్ళు ఎండాకాలంలో ఆదివారాలు కోస్పుడెన్ చెరువుకి వెళ్తారు. అక్కడ ఒక పక్క బట్టలు లేకుండా ఈదే తీరం ఉంది. 'నీకు ఇబ్బందైతే వద్దు, మేం అటే కూర్చుంటాం' అని ముందే చెప్పి పిలిచారు. ఎందుకో తెలీదు, వెళ్ళాను. 32 డిగ్రీల ఎండలో జీన్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కాతో మూడు గంటలు కూర్చున్నాను. ముసలివాళ్ళు, లావుపాటివాళ్ళు, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఒకరిద్దరు నా వంక మాత్రం వింతగా చూశారు. ఆ రాత్రి గదిలో లైటు వేసుకుని అద్దం ముందు చొక్కా విప్పి నిలబడ్డాను. నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

సార్, మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. ఇది తప్పా? మన సంస్కృతికి విరుద్ధమా? నిజంగా దీనివల్ల ఆత్మవిశ్వాసం వస్తుందా, లేక నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నానా? అక్కడ శరీరం మన మాట వినకపోతే ఎలా అన్న భయం కూడా ఉంది. మనవాళ్ళకి తెలిస్తే పెళ్ళి సంగతి ఏమవుతుంది?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒకచోట నవ్వొచ్చింది, ఏమనుకోకండి. చుట్టూ ఒంటిమీద నూలుపోగు లేని జనం, మధ్యలో చొక్కా కాలరు దాకా బొత్తాలు పెట్టుకుని చెమటలు కక్కుతున్న ఒక మనిషి. పదిహేనేళ్ళుగా ఎవరి కంటా పడకూడదని వేసుకుంటున్న చొక్కానే ఆ రోజు మిమ్మల్ని అందరికీ పట్టిచ్చింది. ఎండ, చెమట, ఇబ్బంది, అన్నీ ఓర్చుకుని మూడు గంటలు కూర్చున్నారు చూశారూ, అక్కడ మీకు ఏదో నచ్చింది. ఆ నచ్చినదేమిటో తేల్చుకుంటే మీ ప్రశ్నలు సగం తీరిపోతాయి.

నా సంగతి కూడా చెప్తాను. నాకు 2016లో గుండెకి బైపాస్ చేశారు. గొంతు కింద నుంచి పొట్ట పైదాకా జిప్పు వేసినట్టు గీత. అంతకుముందు హన్మకొండలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట లుంగీ మీద, ఒంటిమీద తువ్వాలుతో కూర్చుని పేపరు చదవడం నాకు అలవాటు. ఆపరేషన్ తర్వాత మానేశాను. ఎవరో ఏదో అన్నారని కాదు. వీధిలో పోయేవాళ్ళు చూస్తారేమో, చూసి 'పాపం' అంటారేమో అని. ఇంట్లో కూడా బనియన్ లేకుండా తిరిగేవాణ్ణి కాదు. రోజూ నలుగురికీ ధైర్యం చెప్పడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, నా గీతను నేనే చూడలేకపోయాను.

2019లో మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్ళాను. వాళ్ళ ఊరి దగ్గర పెద్ద స్నానశాల ఉంది. వేడినీళ్ళ కొలనులు, పక్కనే సౌనా, అంటే చెమట పట్టేలా బాగా వేడి చేసిన చెక్కగది. డాక్టర్‌ని అడిగి సరేననిపించుకున్నాక, ఒకరోజు ఒక్కణ్ణే బయల్దేరాను. అల్లుణ్ణి వెంటబెట్టుకుని అలాంటి చోటికి వెళ్ళే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. సౌనా గుమ్మం దగ్గర బోర్డు మీద ఏం రాసుందో నాకు అర్థం కాలేదు. ఈత నిక్కరు వేసుకుని లోపలికెళ్ళి చెక్కబల్ల మీద కూర్చున్నాను. లోపల 85 డిగ్రీలు. గోడకి ఇసుక గడియారం. పైమెట్టు మీద డెబ్బై దాటిన ఒక పెద్దావిడ నా నిక్కరు వైపు వేలు చూపించి గట్టిగా ఏదో అంది. పక్కన కూర్చున్నాయన ఇంగ్లీషులో చెప్పాడు: అది విప్పేసి, తువ్వాలు కింద పరుచుకుని కూర్చోవాలట, చెమట చెక్క మీద పడకూడదట. ఆవిడ గొంతులో సిగ్గూ లేదు, కొంటెతనమూ లేదు. 'కాళ్ళు కడుక్కుని లోపలికి రా' అని కేకలేసే మా నాయనమ్మ గొంతు అది.

విప్పాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తెరిస్తే ఎదురుగా నా వయసువాడే ఒకాయన. ఆయన ఛాతీ మీదా అదే గీత. నా గీత చూశాడు, తన గీత మీద వేలు పెట్టుకున్నాడు, తర్వాత రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్ళు చూపించాడు. తొమ్మిదేళ్ళయిందని. నేను మూడు చూపించాను. తలూపాడు. ఇసుక అయిపోయింది, లేచి వెళ్ళిపోయాడు. అంతే జరిగింది. ఆయన పేరు కూడా నాకు తెలీదు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. అరవైకి దగ్గరపడుతున్న నేను అప్పటిదాకా పూర్తిగా చూసిన ఒళ్ళు ఎన్ని? నాది, మా ఆవిడది. మిగతావన్నీ సినిమా పోస్టర్లు, జిమ్ముల ఫ్లెక్సీలు, ఫోన్లో కనపడే కండల రాయుళ్ళు. వాటి పక్కన నా ఒళ్ళు పెట్టుకుని మార్కులు వేసుకుంటున్నాను. ఆ సౌనాలో జారిన పొట్టలున్నాయి, ఒక రొమ్ము తీసేసిన ఆవిడ ఉంది, మోకాలి ఆపరేషన్ కుట్లున్నాయి, ఉబ్బిన నరాలున్నాయి, ముడతలు, పుట్టుమచ్చలు, బట్టతలలు ఉన్నాయి. పోస్టరు మీద బొమ్మలాంటి ఒళ్ళు వెతికినా ఒక్కటి లేదు. మనుషులు ఇలా ఉంటారన్నమాట అనిపించింది. ఇంత మామూలు సంగతి తెలియడానికి నాకు యాభై ఎనిమిదేళ్ళు పట్టింది.

నేచురిజం, అంటే ఇలా బట్టలు లేకుండా నలుగురితో కలిసి గడపడం. దానివల్ల ఏదన్నా మేలు ఉంటే, అది ఎక్కువగా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. అక్కడ మన ఒళ్ళు నలుగురికీ చూపించుకోవడం మీద అందరికీ ధ్యాస పోతుంది. నన్నడిగితే నలుగురి ఒళ్ళూ మనం చూడటమే అసలు సంగతి. అదీ అరగంట. ఆ తర్వాత చూడటం కూడా ఆగిపోతుంది, ఎవరి మాటల్లో వాళ్ళు పడతారు. మీరు కూడా ఆ మూడు గంటల్లో, చివరి గంట ఎవరెలా ఉన్నారో గమనించడం మానేసి ఉంటారని పందెం కాస్తాను.

దీని మీద పరిశోధనలూ జరిగాయి. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో కియాన్ వెస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2017లో ఫలితాలు ప్రచురించాడు. మొదట 849 మంది బ్రిటన్‌వాసులను ప్రశ్నలడిగితే, ఇలాంటి చోట్లకు ఎక్కువగా వెళ్ళేవాళ్ళకు తమ ఒంటి మీద మంచి అభిప్రాయం, ఆత్మగౌరవం, బతుకు మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. అయితే ఒంటి మీద నమ్మకం ఉన్నవాళ్ళే అటు పోతారేమో కదా? అందుకని అలాంటి రెండు కార్యక్రమాలకు వచ్చినవాళ్ళను, ఒకచోట 24 మందిని, ఇంకోచోట 100 మందిని, ముందూ తర్వాతా అడిగి చూశాడు. బయటికి వచ్చేటప్పటికి మెరుగైంది. ఆ తర్వాత ఇంకో ప్రయోగంలో 51 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపును బట్టలతో, ఇంకో గుంపును బట్టలు లేకుండా కాసేపు కలిసి గడపమన్నాడు. రెండో గుంపువాళ్ళకు తమ ఒంటి మీద మెప్పు పెరిగింది. ఎందుకు పెరిగిందని చూస్తే, 'నా ఒంటిని చూసి వీళ్ళేం అనుకుంటున్నారో' అనే టెన్షన్ తగ్గడం వల్ల.

ఆ టెన్షన్‌కి మన ఊళ్ళల్లో ఎప్పట్నుంచో ఒక పేరుంది, 'నలుగురూ ఏమనుకుంటారో' అని. నలుగురూ ఏమీ అనుకోవడం లేదని కళ్ళారా చూస్తే అది కాస్త సడలుతుంది. మీకు ఆ రాత్రి అద్దం ముందు లైటు వేసుకోగలిగే బలం అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోవడం లేదు. అలాగని దీన్ని మందులా భావించకండి. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నది తమంతట తాము ఒప్పుకుని వచ్చినవాళ్ళు, పైగా కొద్దిమంది. వాళ్ళను అడిగింది కూడా ఆ వెంటనే. ఆరు నెలల తర్వాత ఎంత మిగులుతుందనేది వేరే లెక్క.

ఇక తప్పా, కాదా అన్న మాట. మీరున్న ఊరి చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. ఆ తీరం బోర్డు మీద ఎఫ్, కే, కే అనే మూడక్షరాలు ఉంటాయి. జర్మన్లు దాన్ని 'ఎఫ్‌కాకా' అని పలుకుతారు. మీ ఖనిలో కాకా అంటే బాబాయి కదా, మొదటిసారి విన్నప్పుడు ఎవరీ బాబాయి అనుకున్నాను నేను. ఫ్రైక్యోర్పర్‌కుల్టూర్ అన్నదానికి పొట్టి పేరది, కట్టూబాటూ లేని శరీర సంస్కృతి అని చెప్పుకోవచ్చు. ఫ్యాక్టరీల పొగ, ఇరుకు గదుల మధ్య బతుకుతున్న నగరాలవాళ్ళు ఎండా గాలీ కోసం మొదలుపెట్టిన ఉద్యమాల్లో ఇదొకటి. 1898లో ఎస్సెన్‌లో, అంటే బొగ్గు గనుల ప్రాంతంలోనే, మొదటి సంఘం ఏర్పడింది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే నిషేధించారు. యుద్ధం తర్వాత తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా 1950లలో బాల్టిక్ సముద్ర తీరాల్లో ఆపాలని చూసింది. స్నానానికి వచ్చినవాళ్ళు వినలేదు. చివరికి 1956లో ప్రత్యేక తీరాలు కేటాయిస్తూ నిబంధనలు తెచ్చారు. మిగతా ఎన్నో విషయాల్లో నోరెత్తనివ్వని దేశంలో, జనం పట్టుబట్టి నిలబెట్టుకున్న కొద్దిపాటి స్వేచ్ఛల్లో ఇదొకటి. లైప్‌జిగ్ ఆ తూర్పు జర్మనీ ఊరే. మీ ఆఫీసు వాళ్ళకు ఇది అమ్మానాన్నల కాలం నుంచి వస్తున్న ఆదివారం అలవాటు. అందులో వాళ్ళకు విప్లవమూ లేదు, విచ్చలవిడితనమూ లేదు.

మన సంస్కృతి అన్నారు. ఈ మాట ఎత్తగానే కొందరు బాహుబలి విగ్రహం, దిగంబర జైనులు, జుట్టునే వస్త్రం చేసుకుని శ్రీశైలం చేరిన అక్కమహాదేవి, అన్నీ వరసపెట్టి చెప్పి 'చూశారా, మనకూ ఉంది' అంటారు. వాళ్ళతో నాకు పేచీ. అవి అన్నీ వదిలేసుకున్నవాళ్ళ కథలు. ఆదివారం చెరువు గట్టున శాండ్‌విచ్ తింటూ కూర్చునేవాళ్ళతో వాటికి సంబంధం లేదు. నిజంగా మన గడ్డ మీద ఇలాంటి సంఘం ఉండేదా అంటే ఉండేది, కానీ పెట్టింది ఇంగ్లీషువాడు. 1891లో ముంబై పక్కన ఠాణేలో క్రాఫర్డ్ అనే జిల్లా జడ్జి పెట్టాడు. సభ్యులు ముగ్గురే. ఆయనకు బదిలీ కాగానే సంఘం మూతపడింది.

అందుకని మన సంస్కృతిలో ఇది ఉందని నేను దొంగ సాక్ష్యం చెప్పను. లేదు. లేనంత మాత్రాన, అది ఉన్నచోటికి వెళ్ళి, అక్కడి మర్యాద పాటిస్తే పాపం చుట్టుకోదు. మీకు మనసొప్పకపోతే మానేయండి, అదీ తప్పు కాదు. అంతర్జాతీయ నేచురిస్టు సమాఖ్య 1974లో రాసుకున్న నిర్వచనంలో తనను తాను గౌరవించుకోవడం, ఎదుటివాళ్ళను గౌరవించడం, ప్రకృతిని గౌరవించడం అనే మూడూ ఉన్నాయి. నచ్చకుండానే వెళ్తే అందులో మొదటిదే పోతుంది.

కానీ మీ ఉత్తరంలో సంస్కృతి గురించి నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. శ్రీశైలంలో చెప్పుల దగ్గర కూర్చోవడం. మగవాడు చొక్కా విప్పడం మన దగ్గర సిగ్గుపడే విషయమే కాదు. గుళ్ళో విప్పుతాం, పెళ్ళిపీటల మీద కండువాతో కూర్చుంటాం, పొలంలో విప్పుతాం, కరెంటు పోతే వీధి అరుగు మీదే విప్పుతాం. మీకు మన సంస్కృతి అడ్డు రాలేదు, అది రమ్మనే పిలిచింది. మచ్చలు అడ్డొచ్చాయి. కాబట్టి మీ సమస్య బట్టలు లేకుండా ఈదాలా వద్దా అన్నది కాదని నాకనిపిస్తోంది. చొక్కా. ఆ ఒక్క చొక్కా సంగతి తేలితే కోస్పుడెన్ తీరం మీకు ఒక సరదా అవుతుంది, లేకపోతే ఇంకో పరీక్ష అవుతుంది.

ముందు బొల్లి గురించి రెండు ముక్కలు, మీకు తెలిసినా సరే, మీ అమ్మగారికి చదివి వినిపించడానికి. చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల వస్తుంది. అంటుకోదు. కుష్ఠుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ప్రపంచంలో ఇంచుమించు నూటికొకరికి ఉంటుంది. చేపలు తిని పెరుగు తింటే రాదు, తినకపోతే పోదు. పదిహేనేళ్ళుగా ఆ పెరుగు గిన్నె దాచడంలో ఆవిడ తన తప్పేదో దిద్దుకుంటున్నట్టుంది. ఆవిడ తప్పేమీ లేదని ఒకసారి నోరు తెరిచి చెప్పండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు చేపల పులుసన్నం తిన్నాక పెరుగన్నం అడిగి పెట్టించుకోండి.

ఇప్పుడు చొక్కా. మా దగ్గరికి వచ్చేవాళ్ళతో మేం చేయించే పద్ధతి చెప్తాను. భయం ఉన్నచోటికి ఒకేసారి దూకకుండా, మెట్టు మెట్టుగా దిగడం. మీరు అద్దం ముందు నిలబడ్డారు కదా, దాన్నే కొనసాగించండి. రోజూ అయిదు నిమిషాలు. కాకపోతే ఒక షరతు. మచ్చలను చూసి 'అసహ్యం', 'దరిద్రం' లాంటి మాటలు వాడకుండా, అమీను కొలతలు రాసుకున్నట్టు వర్ణించుకోవాలి. కుడి మోచేతి దగ్గర అరచేతి వెడల్పు, అంచులు వంకరటింకర, మధ్యలో రెండు చుక్కల్లో మామూలు రంగు. ఇలా. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి తన కాలి మీది మచ్చ అచ్చం నాగార్జునసాగర్ జలాశయంలా ఉందని కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఏడవడం తగ్గించింది.

ఆ తర్వాత హాఫ్ హ్యాండ్స్ టీషర్టు. మొదట ఎవరూ తెలియని సూపర్ మార్కెట్‌కి, తర్వాత ఆఫీసుకి. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: 'బొల్లి, అంటుకోదు, నొప్పి లేదు.' ఇంతకంటే వివరణ ఎవరికీ బాకీ లేరు. అది అలవాటయ్యాక అదే చెరువులో, బట్టలు వేసుకుని ఈదేవాళ్ళ వైపు, నిక్కరుతో చొక్కా లేకుండా దిగండి. నిజం చెప్పాలంటే మీకు అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. మామూలు తీరంలో జనం కాస్త చూస్తారు కూడా. చూడనివ్వండి. మొదటి పది నిమిషాలు గుండె దడదడలాడుతుంది. వెంటనే చొక్కా వేసేసుకుంటే 'చొక్కా వల్లే బతికిపోయాను' అని మనసు నేర్చుకుంటుంది. దడ దానంతట అది తగ్గేదాకా కూర్చుంటే వేరే పాఠం నేర్చుకుంటుంది. కూర్చోండి. అక్కడి నుంచి అవతలి తీరానికి వెళ్తారో లేదో మీ ఇష్టం. నన్నడిగితే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి అనే చెప్తాను. మామూలు తీరంలో మచ్చలున్నవాడు మీరొక్కరే అనిపించొచ్చు. అవతల ప్రతివాడికీ ఏదో ఒకటి ఉంటుంది, అది దాగదు.

అక్కడి మర్యాదలు మీ స్నేహితులను చూసి మీకే తెలిసి ఉంటాయి. కూర్చునే చోట మన తువ్వాలు మనదే. ఫోను సంచిలో ఉండాలి, ఫోటో మాట ఎత్తకూడదు. తేరిపార చూడకూడదు, ఒంటి మీద వ్యాఖ్యానాలు చేయకూడదు, మెచ్చుకోలు అయినా సరే. జర్మనీలో కూడా ఎక్కడపడితే అక్కడ కుదరదు, కేటాయించిన తీరం దాటితే బట్టలు వేసుకోవాలి. శరీరం మాట వినకపోతే అని మీరు భయపడ్డారు. కుర్రాళ్ళు ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కొత్త చోటి బెరుకులో అది చాలా అరుదుగా జరుగుతుంది. జరిగితే బోర్లా పడుకోండి, లేదా నీళ్ళలోకి దిగండి. చెరువు నీళ్ళు చల్లగా ఉంటాయి, ఇక చెప్పేదేముంది.

ఇదంతా చదివి మన దగ్గర ఎవరైనా ఉత్సాహపడితే వాళ్ళకో మాట. మన దేశంలో బహిరంగ ప్రదేశంలో ఇలా చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 296వ సెక్షన్ కింద అశ్లీల ప్రవర్తనగా కేసు పెట్టొచ్చు, మూడు నెలల దాకా జైలు ఉంటుంది. గోవా తీరంలోనూ అనుమతి లేదు. ఆన్‌లైన్లో 'మా గ్రూపులో చేరండి, ముందు ఫోటో పంపండి, ఇంత కట్టండి' అనేవాళ్ళ జోలికి అసలు పోకండి. ఆ ఫోటోతోనే బెదిరింపులు మొదలవుతాయి. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకు అద్దం ఉంది, వరండా ఉంది, చొక్కా విప్పి ఈదే బావులున్నాయి. అక్కడిదాకా చేరడమే చాలామందికి పెద్ద ప్రయాణం.

పెళ్ళి సంగతి. ఆదివారాలు మీరు ఏ చెరువులో ఎలా ఈదారన్నది చుట్టాలకు చెప్పుకోవాల్సిన పని లేదు. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి మాత్రం, మనసు విప్పి మాట్లాడుకునేటప్పుడు చెప్పండి, మీకెందుకు మేలు చేసిందో కూడా చెప్పండి. బొల్లి మాత్రం మొదటి మాటల్లోనే చెప్పాలి. ఇప్పటిదాకా చెప్పారు, అది మీ నిజాయితీ. పిల్లలకు వస్తుందా అని అడుగుతారు. మామూలు వాళ్ళ పిల్లలకంటే అవకాశం కొంచెం ఎక్కువ, కానీ ఎక్కువమంది పిల్లలకు రాదు. ఈ జవాబు తడబడకుండా చెప్పడం ప్రాక్టీసు చేయండి. వెనక్కిపోయిన రెండు సంబంధాల దగ్గర మీరు ఈ విషయం ఎలా చెప్పారో నాకు తెలీదు. నేరం ఒప్పుకున్నట్టు తలదించుకుని చెప్తే, వినేవాళ్ళకూ అది నేరంలాగే వినిపిస్తుంది.

చర్మం డాక్టర్‌ని కలిసి ఎన్నాళ్ళయింది? 'ఎలాగూ తగ్గదు' అని వదిలేసినట్టున్నారు. ఇప్పుడు నారోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్సతో, పూతమందులతో చాలామందికి కొంత రంగు తిరిగి వస్తోంది. 2023లో యూరప్‌లో రుక్సోలిటినిబ్ అనే క్రీముకి అనుమతి వచ్చింది, కానీ అది ముఖం మీద కూడా మచ్చలు ఉన్నవాళ్ళకు. మీకు ఏది కుదురుతుందో అక్కడి డాక్టరే చెప్పాలి. ఒంటిని ఒప్పుకోవడమంటే వైద్యం మానేయడం కాదు కదా. బొల్లి వల్ల నిద్ర పట్టకపోవడం, మనుషులకు దూరంగా ఉండిపోవడం ఎక్కువైతే మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళ్ళండి. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ ఖర్చు భరిస్తుంది, కాకపోతే వరసలో నెలలు ఆగాలి. ఇప్పుడే పేరు రాయించుకోండి.

మీకు ఇంకో సంగతి చెప్పాలనిపించింది. మీరు కూర్చున్న ఆ చెరువు ఒకప్పుడు బొగ్గు ఓపెన్‌కాస్ట్ గని. తవ్వడం ఆపేశాక ఆ గోతిని నీళ్ళతో నింపి, చెట్లు పెంచి, 2000లో జనానికి తెరిచారు. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల పక్కన పెరిగినవాళ్ళు, ఆ గట్టున కూర్చున్నప్పుడు మీకు ఈ విషయం తెలిసే ఉంటుందనుకుంటున్నాను. తెలియకపోతే ఆదివారం మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి. బాయి నుంచి పైకి వచ్చాక ఒళ్ళు కడుక్కునే కబుర్లు కూడా అడగండి. పైకి వచ్చేటప్పటికి అందరూ ఒకే రంగులో ఉండేవాళ్ళు కదా.

చివరిగా సన్‌స్క్రీన్. ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ. మచ్చలున్నచోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉండదు కాబట్టి అక్కడి చర్మం ఎండకి ఇట్టే కమిలిపోతుంది. ఎస్‌పీఎఫ్ 50 ఉన్నది కొనండి, దిగే ముందు రాయండి, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయండి. మిట్టమధ్యాహ్నం నీడలో ఉండండి. ఛాతీకి, చేతులకి, కాళ్ళకి మీరే రాసుకోగలరు. వీపు మధ్యలో మీ చెయ్యి అందదు. అక్కడే మచ్చలు ఉన్నాయని రాశారు. పక్కన కూర్చున్న ఆ స్నేహితుల్లో ఒకరి చేతికి ట్యూబు ఇచ్చి 'కాస్త రాస్తావా' అని అడగాల్సి ఉంటుంది.